నెమలి మెడ మీద పోగు

నలభై చీరల్లోనూ తప్పు ఒకేచోట ఉంది.

అమర్‌నాథ్ ఒక్కో కొంగునూ విప్పి బల్ల మీద పరిచాడు. ఎర్రటి కొంగు మీద పెద్ద నెమలి. దాని మెడ పక్కన, ఏమీ ఉండకూడని చోట, ఒక్క జరీ పోగు పైకి తేలింది. మొదటి చీరలో ఉంది. నలభయ్యో చీరలోనూ ఉంది.

"నేసేవాడి చెయ్యి తప్పితే ఒక చీర పోతాది. నలభై చీరలు ఒకే చోట పోతాయా? ఇది నీ ప్లగిన్‌లో తప్పు" అన్నాడు.

ఎదురుగా కూర్చున్న నవీన, అతను ఫోన్ చేసి రమ్మంటే పొద్దున్నే పలమనేరులో బస్సెక్కి తిరుపతి వచ్చింది.

అమర్‌నాథ్ కంపెనీ మరమగ్గాలకు డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. ఆఫీసులో ఉన్నది నలుగురే. అందుకే 2006 మొదట్లో వెబ్‌సైట్‌లో ప్రకటన పెట్టాడు. ఆ సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే ప్లగిన్లను బయటివాళ్లు ఎవరైనా రాయవచ్చు, బాగా పనిచేసినదానికి బౌంటీగా డబ్బిస్తానని. గీసిన బొమ్మను అట్టల మీద రంధ్రాలుగా మార్చే ప్లగిన్‌కు పాతికవేలు. ఏ పోగు ఎప్పుడు లేవాలో మగ్గానికి చెప్పేది ఆ రంధ్రాలే. పదకొండు మంది ప్రయత్నించారు. నవీనది ఒక్కటే పనిచేసింది.

ఆ ధైర్యంతోనే అమర్‌నాథ్ ఆ చీరలు కొనే చెన్నై షాపుకు మాటిచ్చాడు, కంప్యూటర్ డిజైన్‌లో ఒక్క తప్పు కూడా ఉండదని. ఇప్పుడు మొదటి నలభై చీరలూ తిరిగొచ్చాయి.

"నిజం చెప్పు. సేలంలో మన పోటీ కంపెనీవాళ్లు నీకెంత ఇచ్చినారు?"

"సేలమా? నేను చిత్తూరు దాటి పోయింది ఈ పొద్దే సార్."

"పోవాల్నా? ఫోన్ చాలు."

"ఐదు నెలలు ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకింతని కట్టి రాసినాను సార్. చెడగొట్టేదానికైతే ఐదు నిమిషాలు చాలదా?"

అమర్‌నాథ్‌కు నవ్వొచ్చింది. ఆపుకున్నాడు.

"సాయంత్రం లోపల తప్పు యాడుండాదో చూపించు. లేదంటే బౌంటీ లేదు. నీ పేరు మా వెబ్‌సైట్‌లో నల్లజాబితాకు ఎక్కుతాది."

పాతికవేలు పోతే పోయాయి, అనుకుంది నవీన. డిగ్రీ లేని పిల్లకు ఉన్న పేరల్లా ఈ ఒక్క ప్లగినే. ఆ జాబితాకు ఎక్కితే ఆమె రాసినదాన్ని ఇక ఎవరూ తెరిచి చూడరు.

కంప్యూటర్‌లో డిజైన్ ఫైలు తెరిచి, నెమలి మెడ తెరంతా నిండేలా పెంచింది. ఆ చోట ఖాళీ. మూడుసార్లు చూసింది. ఖాళీయే.

"ఇందులో లేదు సార్."

"మరి చీరలోకి యాడనుంచి వచ్చె?"

"తెలీదు. నగరికి పోయి చూద్దాం."

ఇద్దరూ కారులో పుత్తూరు మీదుగా బయల్దేరారు.

నగరిలో ఆ చీరలు నేయించేది తులసీరాం. డెబ్బై ఏళ్ల మనిషి. నవీనను చూడగానే కుర్చీ లాగి వేశాడు.

"ఈ పాపేనా? మేము నెల్లాళ్లు గుడ్లు పొడుచుకుని కొట్టే అట్టల్ని గంటలో తేల్చేసింది గదప్పా! కూసో పాపా, కాఫీ తెప్పిస్తా."

"ముందు అట్టలు కొట్టి చూడాల తాతా."

పంచింగ్ మెషీన్ మీద కొత్త అట్టలు కొట్టించారు. మెడ భాగం అట్టలను నవీన కిటికీ వెలుగులో పెట్టి, రంధ్రం రంధ్రం లెక్కపెట్టింది. నమ్మకం లేక అమర్‌నాథ్ కూడా లెక్కపెట్టాడు. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు.

వాళ్లు కాఫీ తాగేలోపు తులసీరాం ఆ అట్టలను దారంతో వరుసగా కుట్టి మగ్గానికి ఎక్కించాడు. మగ్గం కదిలింది. ముగ్గురూ దాని ముందే నిలబడ్డారు. తోక వచ్చింది. రెక్క వచ్చింది. మెడ వచ్చింది.

జరీ పోగు తేలింది. అదే చోట.

"కంప్యూటర్‌లో లేదు. అట్టల్లో లేదు. చీరలో ఉండాది!" అమర్‌నాథ్ తల పట్టుకున్నాడు. "ఏందబ్బా ఇది, దయ్యమా?"

"మగ్గంలో ఏమైనా..." అంది నవీన.

"నిన్ననే వేరే మగ్గం మీద నేయించినాం. దాంట్లోనూ ఇదే. నాకు తల తిరగతాండాదమ్మా. చెన్నైవాళ్లకు ఎవరో ఒకరి పేరు చెప్పాల." అమర్‌నాథ్ సెల్‌ఫోన్ తీసి ఆఫీసుకు చేశాడు. "నవీన, పలమనేరు. రాసుకో. జాబితాలో పెట్టేయ్."

"సార్, ఒక్క రోజు..."

"ఆగప్పా!" తులసీరాం మగ్గం ఆపేశాడు. షెడ్డు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. "ఆ పేరు కొట్టేయమని చెప్పు. పాప పనిలో తప్పు లేదు."

"నీకెట్ల తెలుసు మామా?"

"రెండు దినాలు వెతికినాను. అట్ట అట్టా వెలుగులో పెట్టి వెతికినాను. ఒక్క తప్పంటే ఒక్క తప్పు దొరకలే."

"దొరక్కపోతే మంచిదే కదా?"

"యాడ మంచిదప్పా? మేము చేత్తో కొట్టేటప్పుడు యాడో ఒకచోట తప్పు దానంతటదే పడేది. దీంట్లో పడలే." ఆయన నవీన వైపు తిరిగి, తప్పు చేసిన పిల్లాడిలా తల దించుకున్నాడు. "కట్టుకునే ఆడబిడ్డకు దిష్టి తగలకుండా, అట్టలు కుట్టేటప్పుడల్లా ఆ బెజ్జం నేనే పొడిచినాను పాపా."