గురక లేని మేనత్త

మేనత్త రాజ్యంతో గది పంచుకోవలసిన ఇద్దరూ చుట్టాలంతా కలిసి వెళ్ళే ఓడ ప్రయాణం మానుకోవడంతో సుభాషిణి గదులన్నీ మళ్ళీ సర్దాల్సి వచ్చింది. ఆవిడ గురకకి జడిసి మిగతావాళ్ళెవరూ ఒప్పుకోలేదు. చివరికి, "ఓడవాళ్ళు మనకో గది తగ్గించేశారత్తా, నీకు చోటు లేదు" అని ఫోన్లో అబద్ధమాడేసింది.

రానివాళ్ళ బదులు వాళ్ళ పోలికలతో మరబొమ్మని పంపడం ఇప్పుడు ఏ ఓడలోనైనా మామూలే. సుభాషిణి ఓడెక్కి తన గది తలుపు తీసేసరికి, అచ్చం మేనత్తలా ఉన్న బొమ్మ మంచం మీద కూర్చుని సుభాషిణి పిల్లల బట్టలు మడతపెడుతోంది.

సుభాషిణి లోపలికొచ్చి తలుపు మూసింది. "నిన్నెవరు పంపారు?"

"మంచాలు ఖాళీగా ఉన్నాయని ఓడవాళ్ళు మీ అత్తకి ఫోన్ చేశారమ్మా" అంది బొమ్మ, అదే గొంతుతో. "ఆవిడే నన్ను పంపమంది. మీకు నిద్ర చెడకూడదని గురక మాత్రం తీసేయించింది."