వెనక తలుపు

గొళ్ళెమక్క ఏ తలుపునైనా మూడుసార్లు లాగి చూస్తుంది. రెండుసార్లు కాదు, నాలుగుసార్లు కాదు.

ఆ చిన్న విమానాల మైదానంలో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనపడదు. పదకొండేళ్ళ కిందట ఆమె భర్త నడుపుతున్న విమానం నేల విడవగానే వెనక సామాను తలుపు తెరుచుకుంది. ఆయన సీట్లోంచే వెనక్కి తిరిగి, చెయ్యి చాపి దాన్ని లాగబోయాడు. విమానం ఒక రెక్క మీదికి ఒరిగి పక్క పొలంలో పడింది.

గొళ్ళెం సరిగా పడలేదన్నారు.

నెల తిరక్కుండా ఆమె వచ్చి మేనేజరు బల్ల ముందు నిలబడింది. "ఎగిరే ముందు తలుపులు చూసే పని ఇవ్వండి. ఇంకేం వద్దు."

అప్పట్నించి ఆమె చెయ్యి పడకుండా అక్కడ ఏ విమానమూ కదల్లేదు. పైలట్లు ఆట పట్టిస్తుంటారు.

"అక్కా, అలా లాగితే తలుపు ఊడి నీ చేతికొస్తుంది."

"ఇక్కడ ఊడితే మంచిదే నాయనా. పైన ఊడకూడదు."

ఆ మైదానంలో ఆమె నోరారా అన్నయ్యా అని పిలిచేది ఒక్కణ్ణే. మేడ మీద రేడియో గదిలో కూర్చునే మనిషిని. ఆ రోజు అందరూ కొయ్యబారి చూస్తుంటే, మైకు అందుకుని "తలుపు! వెనక తలుపు తెరుచుకుంది!" అని అరిచినవాడు అతనే. పైవాళ్ళు మెచ్చుకుని పత్రం ఇచ్చారు. అది అతని గదిలో గోడకు ఉంది. దాని మీద అతను క్యాలెండరు తగిలించాడు.

"మరీ ఇంత మొహమాటమా అన్నయ్యా?" అంటుందామె, రోజూ పొద్దున్నే టీ గ్లాసు బల్ల మీద పెడుతూ. అతను గ్లాసు వంకే చూస్తాడు.

ఈ రోజు ఆమె కూతురు మొదటిసారి ఒంటరిగా ఎగురుతోంది.

తలుపులన్నీ మూడేసిసార్లు లాగింది. మళ్ళీ మొదటి తలుపు దగ్గరికి వచ్చింది.

"అమ్మా, ఇక చాలు. అందరూ నవ్వుతున్నారు."

"నవ్వనీవే. పళ్ళున్నవాళ్ళు నవ్వుతారు."

కూతురు ముందు సీట్లో కూర్చుని హెడ్‌ఫోన్లు సర్దుకుంటోంది. ఆమె చప్పుడు చెయ్యకుండా వెనక సామాను తలుపు తీసింది. సంచిలోంచి భర్త పాత కోటు తీసి లోపల పెట్టింది. కళ్ళు మసకబారాయి. తలుపు నెట్టేసి, ముంజేత్తో కళ్ళు తుడుచుకుంటూ రేడియో గది మెట్లెక్కింది.

విమానం పరుగెత్తింది. చక్రాలు లేచాయి.

వెనక తలుపు కూడా లేచింది.

ఆమె కిటికీ దగ్గర్నించి గిరుక్కున వెనక్కి తిరిగింది. "అన్నయ్యా, తలుపు! నేనే... లాగి చూళ్ళేదు. దానికి చెప్పు. చెప్పు తొందరగా!"

అతను మైకు అందుకున్నాడు. మీట మీద బొటనవేలు పెట్టాడు. నొక్కలేదు.

"మాట్లాడవేం? నోరు పడిపోయిందా? చెప్పరా, అది నా బిడ్డరా!"

పదకొండేళ్ళలో ఆమె అతన్ని 'రా' అన్నది అదే మొదలు. మైకు లాక్కోబోయింది. అతను దాన్ని రెండు చేతులతో పొట్టకు అదుముకుని బల్ల మీదికి వంగిపోయాడు. వీపు మీద పిడికిళ్ళు దబదబా పడుతున్నాయి. అతను కదల్లేదు.

బయట తలుపు గాలికి కొట్టుకుంటోంది. కోటు జారింది. చేతులు చాపుకుని తేలుతూ తేలుతూ వచ్చి గడ్డిలో పడింది. విమానం మాత్రం నిదానంగా పైకి పోయి, మైదానం చుట్టూ ఒక చుట్టు తిరిగి, చెప్పిన చోట చెప్పినట్టు దిగింది.

ఆమె పడుతూ లేస్తూ పరుగెత్తి కూతుర్ని వాటేసుకుంది. "తలుపు తెరుచుకుందే తల్లీ! ఎంత భయపడ్డావో!"

"తలుపా?" కూతురు హెడ్‌ఫోన్లు తీస్తూ వెనక్కి చూసింది. "ఇదెప్పుడు?"

అతను మెట్లు దిగి వచ్చి దూరంగా నిలబడ్డాడు. ఆమె అతని వైపు తిరిగింది.

"ఆయనకి చెప్పిన నోరు నా బిడ్డకి చెప్పడానికి రాలేదా? తండ్రి లేని పిల్ల మీద నీకేం కక్ష? ఇంకోసారి నిన్ను అన్నయ్యా అంటే నా నాలుక తెగిపోవాలి."



మర్నాడు పొద్దున బల్ల మీద టీ గ్లాసు లేదు. అతను క్యాలెండరు తీసి, దాని వెనకున్న పత్రాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాడు.

పదకొండేళ్ళ కిందట ఆమె భర్త కూడా తెరుచుకున్న ఆ తలుపుతోనే నిదానంగా పైకి పోతున్నాడు, మైకులో అతని అరుపు విని వెనక్కి తిరిగేదాకా.