చెద పట్టని కొన

మైపాడు సముద్రంలో పోయిన లాజరస్ శవం దొరకలేదు. శ్మశానపు ఇసుకలో అతని చొక్కా పూడ్చి, పేరు చెక్కిన కొయ్య సిలువ నాటారు. దాన్ని చెదలు తినేశాయి. ఈ పొద్దున కొత్తది నాటిన వడ్రంగి దానికి చెద పట్టకుండా జీడినూనె పూయడం మరిచాడు. చీకటి పడ్డాక లాజరస్ భార్య అబిగయీలు ఆ నూనె డబ్బాతో వచ్చింది.

“లోపల అన్నే లేడు. కొయ్యకెందుకు వదినా ఇంత సేవ?” అంది టార్చి పట్టుకున్న ఆడబిడ్డ.

“పేరన్నా మిగలాల గదా.”

మట్టిలో ఉండే కొనకే ముందు పూయాలి. ఇద్దరూ సిలువను పైకి లాగారు. కొన నల్లగా, తడిగా మెరిసింది. జీడినూనె వాసన. అబిగయీలు డబ్బా మూత ఇంకా తీయనేలేదు.

“ఎవురు పూసినారు?” ఆడబిడ్డ టార్చి కొనకు దగ్గరగా పెట్టింది.

అబిగయీలు సిలువను మెల్లగా మళ్లీ గుంతలోకి దించింది. ఇసుక మీదికి వంగి, డబ్బా మూత తీసింది.

“కిందది నువ్వు పూసుకున్నావు గదా. పైది నేను పూస్తాలే.”