కేబుల్ పీకిన చెయ్యి

“ఆ పాత పెట్టె కేబుల్ పీకెయ్,” అన్నాడు ఉమాకాంత్.

జ్యోత్స్న కుర్చీలోంచి లేవలేదు. గాజు తలుపుకు అవతల హాల్లో అభ్యర్థులు ఉద్యోగ పరీక్ష రాస్తున్నారు. మౌసుల టిక్కుటిక్కు తప్ప మరో సద్దు లేదు.

“పరీక్ష నడుస్తున్నది సార్.”

“నడవనీ. అది కిరాయి పెట్టె. ఇయ్యాల వాపస్ ఇయ్యకుంటే ఇంకో నెల కిరాయి నువ్వు కడ్తవా?”

చిక్కడపల్లి సందులోని ఆ ఆన్‌లైన్ పరీక్షా కేంద్రం ఉమాకాంత్‌ది. సర్వర్లు చూసుకునే ఉద్యోగం జ్యోత్స్నది. చేరి ఏడాది దాటింది. ఆ ఏడాదిలో అతని ముఖం చూసిన ప్రతిసారీ ఆమె లోపల నిప్పు రాజుకునేది. పైకి మాత్రం “సరే సార్” అనేది. అశోక్‌నగర్‌లో తను ఉండే హాస్టల్ గదికి వెళ్లాక కూడా ఆ ముఖమే కళ్లముందు ఉండేది. అది ఎలా వాడిపోతుందో ఊహించుకుంటూ నిద్రపోయేది.

హాల్లోని కంప్యూటర్లన్నింటినీ నడిపించేవి ఈ గదిలోని నాలుగు సర్వర్లు. ఆ నాలుగూ కలిసి జవాబులు దాచుకునే స్టోరేజీ పెట్టె ఆ పాతది. దాన్ని తియ్యాలంటే ముందు అందులో ఉన్నదంతా వేరే పెట్టెలోకి మార్చాలి. తర్వాత దాన్ని వదిలెయ్యమని ఒక్కో సర్వర్‌కూ చెప్పాలి. నాలుగూ వదిలాయని చూసుకున్నాకే కేబుల్ మీద చెయ్యి వెయ్యాలి. ఒక్క సర్వర్ దాన్ని పట్టుకుని ఉన్నా, లేని పెట్టె కోసం వెతుక్కుంటూ అన్నీ స్తంభించిపోతాయి.

ఈ పని ఆమెకు నేర్పింది శశాంక్. “పీకుడు ఎవడైనా పీకుతడు. వదిలిపిచ్చుడే అసలు పని,” అనేవాడు.

ఇప్పుడు కోఠిలో లాప్‌టాప్‌లు బాగుచేసే శశాంక్‌ది ఒకప్పుడు ఇదే గది, ఇదే కుర్చీ. ఓ రోజు పరీక్ష మధ్యలో, అతను వద్దంటున్నా వినకుండా ఉమాకాంత్ కేబుల్ పీకేశాడు. హాలంతా ఆగిపోయి, ఒక వరస మొత్తం జవాబులు గల్లంతయ్యాయి. అభ్యర్థులే ఏదో నొక్కి చెడగొట్టారనీ, శశాంక్ సరిగా చూసుకోలేదనీ ఉమాకాంత్ పరీక్షల బోర్డుకు రాసిచ్చాడు. ఆ తర్వాత శశాంక్‌ను ఏ కేంద్రమూ గడప తొక్కనివ్వలేదు.

జ్యోత్స్న అతన్ని వెతుక్కుంటూ వెళ్లింది. పని నేర్చుకుంది. నేర్చుకుని నేరుగా వచ్చి ఇక్కడే చేరింది.

“సర్వర్లు దాన్ని వదిలినయో లేదో చూడకుండ పీకొద్దు సార్. హాల్ మొత్తం ఆగిపోతది.”

గది మూలన ఓ పెద్దాయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పెట్టె తీసుకుపోవడానికి వచ్చిన మనిషనుకున్నాడు ఉమాకాంత్. కాదని జ్యోత్స్న చెప్పలేదు.

“పోయినసారి ఆ శశాంక్‌గాడు గూడ ఇట్లనే సతాయించిండు. నేనే పీకిన. ఏమైంది?”

“ఒక వరస జవాబులు పోయినయి.”

“పోతే? పిల్లలే ఏదో నొక్కిన్రని రాసిచ్చిన. ఖతం. ఇప్పుడు ఆగితే నీ పేరు రాసిస్త. జర జరుగు.”

జ్యోత్స్న జరిగింది. అతను వంగి, కేబుల్ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

హాల్లో మౌసులు టిక్కుటిక్కుమంటూనే ఉన్నాయి. ఎవరూ తల ఎత్తలేదు.

“చూసినవా? ఉత్తగ బెదిరిస్తవ్! ఇగో పెద్దాయనా, తీస్కపో.”

పెద్దాయన కదల్లేదు. జేబులోంచి గుర్తింపు కార్డు తీశాడు. “నా పేరు రామచంద్రం. బోర్డు తనిఖీ అధికారిని. ఈమె రమ్మంటే వచ్చాను. పోయినసారి సంగతి మళ్లీ ఒకసారి చెప్పండి.”

ఉమాకాంత్ చేతిలోంచి కేబుల్ జారిపోయింది. జ్యోత్స్న కళ్లార్పకుండా చూసింది. తను ఊహించుకున్నదానికంటే ఎక్కువే వాడింది ఆ ముఖం.

“సార్, ఏం నష్టం కాలేదు గద! పరీక్ష నడుస్తనే ఉన్నది!”

“నిన్ననే అంతా కొత్త పెట్టెలోకి మార్చిన సార్,” అంది జ్యోత్స్న. “నాలుగు సర్వర్లు దాన్ని వదిలేసినయి. అది ఉత్త డబ్బా.”

“ఆ, అదే! ముందే మార్చింది సార్! చెప్పమ్మా, నువ్వే చెప్పు.”

“ఆ సంగతి మీకు తెల్వదు గద సార్.”

రామచంద్రం గాజు తలుపులోంచి హాల్లోకి చూశాడు. తలలు వంచుకుని రాస్తున్న వాళ్లందరినీ చూశాడు. “వీళ్లంతా ఆగిపోతారని విని కూడా పీకారు మీరు,” అన్నాడు.

నెల తిరక్కముందే ఆ కేంద్రం మూతపడింది. ఉమాకాంత్ మీద కేసు పెట్టారు. శశాంక్ తప్పేమీ లేదని బోర్డు రాతపూర్వకంగా ఒప్పుకుంది. లోయర్ ట్యాంక్ బండ్ దగ్గరి ఓ కేంద్రం అతన్ని పిలిచి మరీ ఉద్యోగమిచ్చింది.

అందులో చేరిన రోజు సాయంత్రం నారాయణగూడలో చాయ్ తాగుతూ శశాంక్ కళ్లు తుడుచుకున్నాడు.

“సొంత చెల్లె గూడ ఇంత చెయ్యదు. నా కోసం వాని మీద ఇన్ని దినాలు ఇంత పగ ఎట్ల మోసినవ్ జ్యోత్స్నా?”

ఆమె కప్పు కింద పెట్టింది.

“నీ కోసం కాదన్నా, ఆ దినం జవాబులు పోయిన వరసల, ఉద్యోగం వయసు దాటకముందు ఆఖరి పరీక్ష రాస్తున్నది నేనే.”