సగం పాట

"ఇక ఆపండి అంకుల్!"

ఆసుపత్రి వరండాలో నాలుగు తీగల బుల్లి గిటారు, ఉకులేలే, టక్కున ఆగింది.

కెహౌ గుమ్మంలో నిలబడి కోపంతో ఊగిపోతోంది. వెలిసిపోయిన పూలచొక్కా వేసుకుని, మొగలాకు టోపీ పెట్టుకున్న ముసలాయన తలెత్తి చూశాడు.

ఇరవై రోజులుగా ఇదే వరస. మధ్యాహ్నం మూడింటికి హీలో ఊరి బస్సు దిగి వస్తాడు. సరిగ్గా కెహౌ నాన్న మోసెస్ గది కిటికీ దగ్గరే కుర్చీ లాక్కుంటాడు. అన్నీ పాతకాలపు హుషారు పాటలే. ఎండ, సముద్రం, ప్రేమలో పడ్డ కుర్రాళ్లు.

లోపల మంచం మీద మోసెస్. జీవితమంతా చెరకు లారీ నడిపిన మనిషి. పక్షవాతం కుడివైపంతా లాగేసింది. మాట పడిపోయింది.

"నా మాట వినిపిస్తుంటే ఒక్కసారి చెయ్యి నొక్కు నాన్నా" అని కెహౌ రోజూ బతిమాలుతుంది, ఏడుస్తుంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

డాక్టరు తేల్చి చెప్పేశాడు.

"శుక్రవారం దాకా చూద్దామమ్మా. ఒక్క సైగ కనిపించినా తిండి గొట్టం ఉంచుదాం. లేదంటే తీసేయడానికి మీరు సంతకం పెట్టాలి."

ఇవాళ మంగళవారం. అలాంటప్పుడు ఆ హుషారు పాటలు ఎవరికి కావాలి?

"మీ చప్పుడుకి నాన్న ఎంత అవస్థ పడుతున్నాడో తెలుసా? పాట మధ్యలో ఎడమ చేతి వేళ్లు దుప్పటి మీద గిజగిజలాడుతున్నాయి. నరాల అదురట!"

"అదురు కాదు అమ్మాయ్. ఆ వేళ్లు..."

"నాకు చెప్పొద్దు! పాటైనా సరిగ్గా వచ్చా అంటే అదీ లేదు. రెండు చరణాలు పాడతారు, మూడోది ఉత్తినే మీటుకుంటూ కూర్చుంటారు. సగం పాట కూడా ఒక పాటేనా?"

"ఆ సగం నాది కాదమ్మా."

కెహౌ నర్సు వైపు తిరిగింది.

"మెర్లీ, ఈయనకి మతి చలించింది. రేపటినుంచి గేటు దాటనివ్వకు."

"పాపం అక్కా, పెద్దాయన. ఎవరి జోలికీ పోడు..."

"పాపం పుణ్యం చూసే ఓపిక నాకు లేదు."

ముసలాయన లేచాడు. టోపీకి చుట్టిన పూలదండ తీసి కిటికీ అంచున పెట్టాడు. మోసెస్ వైపు చూసి గడ్డం ఒకసారి ఎగరేసి, మెట్లు దిగిపోయాడు.

మర్నాడు మూడయింది. పాట లేదు. మోసెస్ వేళ్లు కూడా కదల్లేదు.

'హమ్మయ్య, నాన్నకి కాస్త నెమ్మది దొరికింది' అనుకుంది కెహౌ.

గురువారమూ అంతే.

శుక్రవారం డాక్టరు అడిగాడు. "ఏమైనా కదలిక?"

"లేదు" అంది. సంతకం పెట్టింది.

గొట్టం తీసిన ఆరో రోజున మోసెస్ పోయాడు.

బూడిద సముద్రంలో కలపడానికి చుట్టాలంతా ఒడ్డున చేరారు. కెహౌ మోకాటిలోతు నీళ్లలో నిలబడి ఉండగా, వెనక సరుగుడు చెట్ల దగ్గర ఉకులేలే మోగింది. అదే హుషారు పాట.

"ఓరి నీ! హర్మన్ వచ్చాడే!" అంది మేనత్త ఉలు.

"ఆయన నీకు తెలుసా అత్తా?"

"తెలియకపోవడమేమిటే? మీ నాన్న జతగాడు. నువ్వు పుట్టకముందు ఇద్దరూ హోనొలులు హోటళ్లలో వాయించేవాళ్లు. మీ అమ్మ పోరు పడలేక మీ నాన్న ఉకులేలే అమ్మేసి లారీ ఎక్కాడు. మళ్లీ ఆ ఊసే ఎత్తలేదు."

"నాన్న వాయించేవాడా?"

"అలా ఇలానా! రెండు చరణాలు హర్మన్ పాడేవాడు. మూడోది మీ నాన్నది. హర్మన్ గడ్డం ఎగరేస్తే చాలు, మీ నాన్న ఎడమ చేతి వేళ్లు తీగల మీద పరుగులు పెట్టేవి. నోరు మెదిపేవాడు కాదు. ఏం చెప్పినా ఆ వేళ్లతోనే."

కెహౌ నీళ్లలోనే వెనక్కి తిరిగింది.

చెట్ల కింద ముసలాయన రెండో చరణం ముగించాడు. సముద్రం వైపు గడ్డం ఎగరేశాడు. ఉత్తినే మీటుతూ ఎదురుచూస్తున్నాడు.

ఇరవై రోజులు తను ఏ జవాబు కోసం ఏడ్చిందో, ఆ జవాబు రోజూ మూడింటికి కిటికీలోంచి అందుకున్నవాడు ఆయనొక్కడే.