పురిటిగదిలో దుబాసీ

సైగల భాషలో డిగ్రీ చేతికొచ్చాక తోటివాళ్లు బడుల్లో టీచర్లయ్యారు. ఒకడైతే టీవీ వార్తల్లో మూలనుండే చిన్న గడిలోకెక్కాడు. ఆ అమ్మాయి మాత్రం ఆసుపత్రిలో దుబాసీగా చేరింది. మొదటి పిలుపే పురిటిగది నుంచి వచ్చింది. నొప్పులు పడుతున్నామెకు వినపడదు.

"తల బయటికొచ్చింది. బొడ్డుతాడు మెడకు చుట్టుకుంది. ఇక ముక్కొద్దని చెప్పమ్మా!" అంది డాక్టరమ్మ.

దుబాసీ గబగబా సైగలు మొదలుపెట్టింది. అంతలోనే నొప్పులు పడుతున్నామె దుబాసీ రెండు చేతులూ పట్టేసుకుంది. ఎంత గుంజినా వదల్లేదు.

"చెప్పవేం? బిడ్డ ప్రాణం మీదికొస్తోంది!"

"చేతులు వదలట్లేదు మేడం!" దుబాసీకి ఏడుపొక్కటే తక్కువ.

ఎట్టకేలకు పట్టు సడలింది. "ముక్కొద్దు. నోటితో మెల్లగా ఊపిరి వదలండి" అని సైగ చేసింది. ఆమె అలాగే చేసింది. డాక్టరమ్మ తాడు తప్పించింది. బిడ్డ కెవ్వుమంది.

దుబాసీ గోడకు జారగిలబడింది. "నొప్పి ఓర్చుకోలేక నా చేతులు పట్టుకున్నారు కదూ?" అని సైగతోనే అడిగింది.

బాలింత నీరసంగా నవ్వి చేతులెత్తింది.

"నొప్పికి కాదు తల్లీ. నీ చేతులు గజగజా వణుకుతుంటే ఏం చెబుతున్నావో ఒక్క ముక్కా అర్థం కాలేదు. వణుకు తగ్గేదాకా పట్టుకున్నా."