ఛాతీ మీద నంబరు

యాభై కిలోమీటర్ల పరుగులో నలభై నాలుగోది. గచ్చిబౌలి రాళ్లగుట్టల బాట దిగి రోడ్డు దాటుతుంటే, తెలంగాణ రాస్తారోకో గుంపులోంచి వచ్చిన రాయి నా నుదురు పగలగొట్టింది.

ఆ వెంటనే పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డారు. దొరికినవాణ్ణి దొరికినట్టు బాదారు. నా కాళ్ల ముందు ఒకడు వీపు మీద దెబ్బ తిని బోర్లా పడ్డాడు.

గుట్టల్లో పరుగు నాకు నేర్పింది ఒకటే: పక్కవాడు పడితే, ఎవడని అడక్కుండా ఆగాలి. నా పేరూ నంబరూ ఉన్న కాగితం ఛాతీ మీంచి పీకి అతని చొక్కాకు గుచ్చాను. పిన్ను చర్మంలోకీ దిగింది.

"ఇది చూస్తే పందెంలో ఉన్నావనుకుంటారు. ముందు పోయేవాళ్ల వెంట పరిగెత్తు!"

తూలుతూనే పరిగెత్తాడు. పోలీసు నా ఖాళీ ఛాతీ చూశాడు. "నీ నంబరేదిరా?" అంటూ మోకాలి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది.

మూడో రోజు, కాగితం మీది పేరు పట్టుకుని అతను ఆసుపత్రికి వచ్చాడు. పేరు కొమురెల్లి, జీడిమెట్లలో కార్మికుడు. మంచం మీద మెడల్ పెట్టాడు.

"ఆగితె పట్టుకుంటరని ఆఖరిదాంక ఉరికిన సార్. నీ పేరు మీదనే ఇచ్చిన్రు." నా నుదుటి కట్టు వైపు చూశాడు. "నీ నుదురు పలగ్గొట్టిన రాయి నాదే."

"తెలుసు. విసిరినప్పుడే చూశాను."

"మరి నంబరెందుకిచ్చినవ్?"

"పడిపోయావు కాబట్టి. నిలబడి ఉంటే నేనే కొట్టేవాణ్ణి."